బాగున్న ఫోటో మీద అనుమానం

మా అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ నుంచి స్కూటర్ మీద పైకి వస్తుంటే ర్యాంపు చివర ఒక్క క్షణం నాకు ఏమీ కనిపించదు. కింద తడి సిమెంటు వాసన, పెట్రోలు వాసన, ట్యూబ్‌లైటు మసక. పైకి రాగానే హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ ఎండ మొహాన కొడుతుంది. కళ్ళు సర్దుకునేలోపు ఎదురుగా ఎవరున్నారో, వాళ్ళ చేతిలో ఏముందో దేవుడికే తెలియాలి. అందరూ రెప్పలార్పి ఆ చోటు దాటేస్తారు. నేను మాత్రం బ్రేకు వేసి ఆగుతాను. వెనక కార్లవాళ్ళు హారన్ కొడతారు, కొట్టుకోనివ్వండి. అక్కడ నాకు గోవిందరాజులు సార్ గుర్తుకొస్తారు. మొన్న అలా ఆగి ఉండగానే ఫోన్ మోగింది. చేసింది ఆయన కూతురు మాలతి. సార్ పోయి ఏడాది కావస్తోంది, సంవత్సరీకానికి ఒక ఫోటో పెద్దది చేయించాలట. "ఇంట్లో నాయనవి మంచివి ఒక్కటీ లేవక్కా. అన్నిట్లో చెయ్యి అడ్డం పెట్టుకోనుండాడు. మీది కెమెరాల పని గదా, మీ దగ్గర ఉంటాదని అడుగుతా ఉండా" అంది. ఉద్యోగమంతా కెమెరాల మధ్యే చేసిన మనిషి ఫోటో మా దగ్గర కూడా లేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. వెతుకుతానన్నాను.

మీలో ఎవరూ ఆయన్ని చూసి ఉండరు కాబట్టి ముందు మనిషిని చెప్పాలి. సన్నగా, కాస్త వంగి, ఎప్పుడూ ఎవరో వెంటబడుతున్నట్టు గబగబా నడిచేవారు. గడియారం డయల్‌ని మణికట్టు లోపలివైపుకి తిప్పి పెట్టుకునేవారు. "నా టైము ఊరందరికీ ఎందుకప్పా?" అనేవారు. ఆయన తాతల కాలంలో అనంతపురం వైపు నుంచి బెంగళూరు వచ్చి బళేపేటలో స్థిరపడిన కుటుంబం. తండ్రికి అక్కడ ఒక ఫోటో స్టూడియో ఉండేది. ఈయన మాత్రం బెళ్ళందూరులో మా కంపెనీలో, కెమెరా ఫోటోలను సరిచేసే సాఫ్ట్‌వేర్ విభాగానికి పెద్ద. నేను గుంటూరు నుంచి మంచి మార్కులు, బోలెడంత ధీమా మోసుకొచ్చి ఆయన కింద చేరాను. మొదటి రోజు కంప్యూటర్ ఇస్తారనుకుంటే నన్ను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి నిలబెట్టారు.

కింద ఫ్లైఓవర్. దాని కింద చీకటి, పైన మండే ఆకాశం. "ఆ ఫ్లైఓవర్ కింద ఎవరుండారు?" అని అడిగారు. కాసేపు చూసి, కొబ్బరిబోండాల బండి, ఇద్దరు మనుషులు అని చెప్పాను. "ఇప్పుడు ఆకాశంలో మబ్బు ఏ ఆకారంలో ఉండాది?" పైకి చూశాను, చెప్పాను. "రెండూ ఒకే తూరి చూసినావా?" లేదన్నాను. "చూడలేవు. కన్ను ఒక తూరి చీకటికి సర్దుకుంటుంది, ఒక తూరి వెలుగుకి సర్దుకుంటుంది. నీ మెదడు ఆ రెండూ కలిపి ఒకే బొమ్మని నీకి అంటగడతాది. కెమెరాకి ఆ తెలివి లేదు. మనం దానికి అంటగట్టేది నేర్పిస్తా ఉండాం. ఈ పని అంతా ఇంతే." నాకు చాలా కోపం వచ్చింది. నేను చదివి వచ్చిన పెద్ద పెద్ద సూత్రాలన్నీ ఈయన అంటగట్టడం అనే ఒక్క మాటతో చాప చుట్టేశారు.

ఆ పనిని హెచ్‌డీఆర్ అంటారు. ఒకే దృశ్యాన్ని కెమెరా వెంటవెంటనే మూడు ఫోటోలు తీస్తుంది. ఒకటి బాగా తక్కువ వెలుగుతో, ఒకటి మధ్యస్థంగా, ఒకటి బాగా ఎక్కువ వెలుగుతో. మొదటిదాంట్లో ఎండలో ఉన్నవి చక్కగా కనిపిస్తాయి, నీడలో ఉన్నవి నల్లగా పోతాయి. చివరిదాంట్లో నీడలోనివి కనిపిస్తాయి, ఎండలోనివి తెల్లగా కాలిపోతాయి. మా కోడు మూడింట్లోంచీ బాగున్న ముక్కలు ఏరి ఒక్కటిగా అతుకుతుంది. చెట్టూ గోడా అయితే ఏ బాధా లేదు. కదిలే మనిషి ఉంటేనే చిక్కు. మూడు ఫోటోలకీ మధ్య రెప్పపాటు తేడా ఉంటుంది కదా, ఆ రెప్పపాటులో అతను ముందుకు కదిలిపోతాడు. అతికితే ఒకే మనిషి మూడు పారదర్శకపు ఆకారాలుగా తేలుతాడు. వాటిని సార్ దెయ్యాలు అనేవారు. ఆ దెయ్యాలను వదిలించే కోడు రాయడం నా పని. కదిలిన చోటల్లా మూడింట్లో ఏదో ఒక ఫోటోని మాత్రమే నమ్మి, మిగతా రెండింటినీ పక్కన పెట్టడం ఆ కోడు పద్ధతి.

ప్రతి వారం మేము తయారుచేసిన ఫోటోలను గోడ మీద పెద్దగా వేసి చూసుకునేవాళ్ళం. చెత్తగా వచ్చినవాటిని సార్ పట్టించుకునేవారు కాదు. అందరూ ఆహా అన్నదాని ముందు కుర్చీ లాక్కుని కూర్చునేవారు. "బాగుండాది. చాలా బాగుండాది. ఇప్పుడు చెప్పండప్పా, దీంట్లో ఎవరు అబద్ధం చెప్తా ఉండారు?" అని అడిగేవారు. ఎవరో ఒకరం దొరికేదాకా లేవనిచ్చేవారు కాదు. కిటికీ బయట ఆకు ఎటు ఊగింది, లోపల గోడ మీద దాని నీడ ఎటు ఊగింది, ఆ రెండూ కలవడం లేదు చూడమనేవారు. మొదట్లో ఇది మనిషి నైజం అనుకున్నాను. లిఫ్టులో తలుపు మూసుకునే బొత్తాం నిజంగా పనిచేస్తుందా అని అనుమానం. క్యాంటీన్‌లో డికాక్షన్ నిన్నటిదేమోనని అనుమానం. ఆఫీసులో గుంపు ఫోటో అంటే చాలు, ఫోన్ వచ్చినట్టు నటిస్తూ బయటికి జారుకునేవారు. ఆయనతో పనిచేయడమంటే పోలీసు ఇంట్లో అద్దెకున్నట్టే ఉండేది.

ఒకరోజు దర్శినిలో, అదే నిలబడి తినే చిన్న హోటల్లో, కాఫీ తాగుతూ అడిగేశాను. "సార్, మీకు ఫోటోలంటే ఎందుకంత కోపం?" ఆయన నవ్వారు. వాళ్ళ నాయన స్టూడియోలో రాత్రీపగలూ నెగిటివ్‌ల మీద పెన్సిల్‌తో పెళ్ళికూతుళ్ళని తెల్లగా చేసేవాడట. ఎవరిదో ఇంట్లో పెద్దాయన పోతే, ఆయన పాత ఫోటోలోంచి తల తీసి, కుటుంబమంతా కూర్చున్న ఫోటోలో ఖాళీ కుర్చీలో పెట్టేవాడట. "అట్ల ఒక ముసలామెకి మొగుడితో కలిపి చేసిచ్చినాడు. ఆమె మా నాయన చేతులు పట్టుకోని ఏడ్చింది. వాళ్ళిద్దరూ ఎప్పుడూ పక్కపక్కన కూర్చోని ఫోటో తీసుకోలేదంట. కొన్నేండ్లకి మళ్ళీ వచ్చింది, ఆ ఫోటో ఎప్పుడు తీయించుకున్నామో, ఆ పొద్దు ఆయన ఏం మాట్లాడినాడో మాకే చెప్పింది. నాకి భయమేసింది, తల్లీ." ఆ తర్వాత కాఫీ చల్లారిందని, మళ్ళీ వేడిచేసి ఇస్తున్నాడేమోనని గొణుక్కున్నారు. నేను మాత్రం ఆ ముసలామెను చాలా రోజులు మరిచిపోలేకపోయాను.

ఇక అసలు సంగతి. మా కంపెనీ అపార్ట్‌మెంట్ గేట్లకి పెట్టే కెమెరాల్లో మా సాఫ్ట్‌వేర్ వేసి అమ్మడం మొదలుపెట్టింది. బేస్‌మెంట్ చీకటి, బయటి ఎండ, రెండూ ఒకే ఫోటోలో స్పష్టంగా కనబడతాయని సేల్స్ వాళ్ళు ఊదరగొట్టారు. అన్ని గేట్ల నుంచీ మూడేసి ఫోటోలు దాచాలంటే స్థలం చాలదు కాబట్టి, అతికిన ఒక్కదాన్ని ఉంచి అసలు మూడింటినీ చెరిపేయాలని పైవాళ్ళు నిర్ణయించారు. సార్ కూడా సంతకం పెట్టారు. ఈయన ఒప్పుకున్నారా అని నేను ఆశ్చర్యపోయాను.

కొన్ని నెలలకి బెళ్ళందూరులోనే ఒక అపార్ట్‌మెంట్ సంఘం నుంచి ఫోటో వచ్చింది. అక్కడ ఒకాయన కారు పక్కన పెట్టి మరిచిపోయిన నల్ల బ్యాగు, లాప్‌టాప్‌తో సహా పోయింది. ఇళ్ళల్లో పనిచేసే చౌడమ్మ అనే ఆవిడ ఆ ఉదయం ర్యాంపు మీదుగా బయటికి వెళుతోంది. ఫోటోలో ఆవిడ ముక్కుపుడక మెరుపుతో సహా మొహం తెలుస్తోంది. ముందుకు చాచిన చేతిలో నల్ల బ్యాగు. అప్పటికే ఆవిడని ఇళ్ళన్నీ మాన్పించాయి. గేటు దగ్గర సంచులు చూడాల్సిన గార్డు "గుర్తులేదు" అన్నాడని అతణ్ణీ అనుమానించి పంపేశారు. ఆ ఫోటోని ఎవరూ మార్చలేదని మా కంపెనీ ఒక ఉత్తరం ఇస్తే, దాన్ని జతచేసి సోమవారం పోలీసులకు ఫిర్యాదు ఇస్తామన్నారు. ఉత్తరం మీద సంతకం పెట్టాల్సింది గోవిందరాజులు సార్.

"ఎవరూ మార్చలేదు కదా, పెట్టేయండి" అన్నాడు సేల్స్ హెడ్. మార్చలేదన్నది నిజమే. నేను కోడంతా మళ్ళీ నడిపి చూశాను, తప్పు కనబడలేదు. "సార్, కోడ్ కరెక్ట్‌గానే ఉంది. అన్ని టెస్టులూ పాస్" అన్నాను. ఆయన ఆ ఫోటో ముందు కుర్చీ లాక్కున్నారు. "మొహం ఎండలో ఉండాది. చెయ్యి గోడనీడలో ఉండాది. మొహం ఏ ఫోటోలోంచి వచ్చింది, చెయ్యి ఏ ఫోటోలోంచి వచ్చింది?" మొహం తక్కువ వెలుగుదాంట్లోంచి, చెయ్యి ఎక్కువ వెలుగుదాంట్లోంచి అయి ఉంటుందన్నాను. "అయి ఉంటుందా? అసలువి చూపించు." చెరిపేశాం కదా సార్ అన్నాను. ఆయన ఫోటోలో చౌడమ్మ చీర వైపు చూశారు. తర్వాత, "రేపు చీర కట్టుకోని రా" అన్నారు. నేను తెల్లబోయాను. "ఆయమ్మ చీరలో ఉండాది. నువ్వు ప్యాంటులో నడిస్తే బొమ్మ వేరే వస్తాది."

మర్నాడు సంఘం కార్యదర్శిని ఒప్పించి, అదే కెమెరాని ఈసారి అసలు ఫోటోలు కూడా ఉంచేలా మార్చి, అదే ఎండ వేళకి ఆ ర్యాంపు దగ్గరికి వెళ్ళాం. గేటు బయట ఫుట్‌పాత్ మీద చౌడమ్మ కూర్చుని ఉంది. లోపలికి రానివ్వడం లేదు, అయినా రోజూ వచ్చి కూర్చుంటోందట. మడకశిర దగ్గర పల్లె. సార్ తెలుగు వినగానే లేచి వచ్చింది.

"అప్పా, నేను ఆ బ్యాగు ముట్టలేదు. నా బిడ్డల మీద ఒట్టు."

"ఒట్టెయ్యద్దమ్మా. నువ్వు తీసినావో లేదో నాకి తెలవదు. నేను బొమ్మ సంగతి చూడనీకి వచ్చినాను."

"మీ బొమ్మే గదప్పా నన్ను దొంగను చేసిండేది! ఇంగ ఏం చూస్తారు?"

సార్ తల వంచుకుని లోపలికి నడిచారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక్క మంచి మాట చెబితే ఈయన సొమ్మేం పోయింది?

ఆవిడలాగే నేను, చేతిలో ప్లాస్టిక్ కవరుతో, ర్యాంపు ఎక్కుతాను. సార్ ఒక నల్ల బ్యాగు పట్టుకుని నా అవతలి పక్క నుంచి దాటుకుంటూ నడుస్తారు. బెళ్ళందూరులో నల్ల బ్యాగు లేని మగవాడు ఎవడున్నాడు, ఆ రోజు ఎవడో ఒకడు ఆవిడని దాటి ఉంటాడని ఆయన ఊహ. ముందు వెళ్ళాను, వెనక వెళ్ళాను, మెల్లగా, వేగంగా. ప్రతిసారీ ఫోటో చక్కగా వచ్చింది. నేను నేనుగా, ఆయన ఆయనగా, బ్యాగు ఆయన చేతిలో. ఆ ఫోటోలన్నీ పరీక్షవి కాబట్టి చూసినవి చూసినట్టు సార్ చెరిపేయమన్నారు, ఆయన మొహం ఉంది కదా మరి. నాకు లోలోపల గర్వంగానే ఉంది. కానీ గేటు ఊచల్లోంచి చౌడమ్మ మమ్మల్నే చూస్తోంది. నా కోడు గెలిచిందంటే ఆవిడ ఓడిపోయిందని అర్థం. ఎండ జరిగిపోతోంది. "ఇంకొక్క తూరి" అన్నారు సార్. నాకు కాళ్ళు పీకుతున్నాయి.

పైదాకా వచ్చేసరికి ఇంకో గార్డు డ్యూటీ మారి వచ్చి నిలబడ్డాడు. పాతవాడి స్థానంలో కొత్తగా చేరినవాడు, మా సంగతి తెలియదు. నూలుచీర, చేతిలో ప్లాస్టిక్ కవరు చూశాడు. "ఏయ్, నిల్లమ్మా! కవర్ తోరిసు" అని, ఆగి కవరు చూపించమని కన్నడంలో కసిరాడు. నేను ఉలిక్కిపడి ఆగాను. చెయ్యి చాచి కవరు ఇచ్చాను. అతను తీసుకుని లోపల చూస్తున్నాడు, నా చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. అదే క్షణంలో సార్ నల్ల బ్యాగుతో నా వెనక నుంచి గబగబా దాటారు. గార్డు ఆయన్ని చూసి నమస్కారం పెట్టాడు, ఆయన బ్యాగు అడగలేదు.

నేను అక్కడే నిలబడిపోయాను. పనివాళ్ళు ఆగాలి, సంచి చూపించాలి. మిగతావాళ్ళు ఆగక్కర్లేదు. ఆ గేటులోంచి మేము అన్ని రకాలుగానూ నడిచాం కానీ ఆగాలని మాకు తట్టలేదు, ఎందుకంటే మమ్మల్ని ఎప్పుడూ ఎవరూ ఆపలేదు. "సార్, ఇప్పటిది తీయండి" అని అరిచాను.

ఫోటోలో నేను ఉన్నాను, గార్డు కెమెరాకి అందని చోట ఉన్నాడు. నా మొహం ఎండలో స్పష్టంగా ఉంది. నా చాచిన చేతిలో నల్ల బ్యాగు ఉంది. సార్ లేరు. అసలు మూడూ పక్కపక్కన పెట్టి చూశాం. తక్కువ వెలుగుదాంట్లో ఆయన ఇంకా నా వెనక ర్యాంపు చీకట్లోనే ఉన్నారు, నలుపు తప్ప ఏమీ లేదు. మధ్యదాంట్లో నా వెనక పూర్తిగా మరుగున పడ్డారు. ఎక్కువ వెలుగుదాంట్లో నన్ను దాటుతున్నారు, నడుం పైనంతా ఎండకి తెల్లగా కాలిపోయింది, నీడలో ఉన్న చెయ్యీ బ్యాగూ మాత్రం మిగిలాయి. ఆయన దాటుతుంటే తగులుతుందేమోనని ఆపాటికి నేను గాల్లో ఉన్న నా చెయ్యి వెనక్కి తీసుకున్నాను. కోడు మొహాన్ని ఒక క్షణం నుంచి తీసుకుంది, చేతిని ఇంకో క్షణం నుంచి తీసుకుంది. మధ్యలో ఉన్న మనిషిని దెయ్యం అనుకుని తుడిచేసింది. కార్యదర్శి తెర వైపు, నా వైపు మార్చి మార్చి చూసి, "ఆ బ్యాగు మీదేనా మేడమ్?" అని అడిగాడు. నాది కాదని చెబుతుంటే, నిజమే చెబుతున్నా, నా గొంతు వణికింది. చౌడమ్మ గొంతు కూడా ఇలాగే వణికి ఉంటుంది, దాన్నీ సాక్ష్యంగానే లెక్కేసి ఉంటారు.

సార్ ఆ రోజే ఉత్తరం రాసి సంతకం పెట్టారు. ఈ ఫోటో వేరువేరు క్షణాల ముక్కలతో కూర్చినది, ఇందులో కనబడే మొహం, చెయ్యి, బ్యాగు ఒకే మనిషివని మేము చెప్పలేము, ఎవరూ చెప్పకూడదు అని. సేల్స్ హెడ్ గోల గోల చేశాడు. అమ్మిన గేట్లన్నిట్లో కెమెరాల పద్ధతి మార్చాల్సి వచ్చింది, ఆ ఏడాదే సార్‌ని విభాగం నుంచి తప్పించి ఎలక్ట్రానిక్ సిటీ ఆఫీసులో ఒక మూల కూర్చోబెట్టారు. ఫిర్యాదు మాత్రం పోలీసుల దాకా పోలేదు. సంఘంవాళ్ళు చౌడమ్మని మళ్ళీ రమ్మంటే, "మీ గేటుకి ఒక దండం" అని వేరే చోట పని చూసుకుంది. బ్యాగు దొరికిందో లేదో మాకు ఎవరూ చెప్పలేదు.

అదే దర్శినిలో నేను ఉండబట్టలేక అడిగాను. "ఆవిడ తీయలేదు కదా సార్?"

"తెలవదు."

"ఇంత జరిగాక కూడానా?"

"ఆయమ్మ మంచిదని నేను ఆ ఉత్తరం రాయలేదు తల్లీ. మనం చూడందాన్ని చూసినామని చెప్పినాము, అది తప్పు అని రాసినాను. అంతే." కాఫీ గ్లాసు తిప్పుతూ ఇంకో మాట అన్నారు. "మా నాయన ఎన్ని బొమ్మలు మార్చినా అసలు నెగిటివ్ ఒక్కటి పారెయ్యలేదు. నేను పారెయ్యండని సంతకం పెట్టినాను. అన్నింటినీ అనుమానించినాను, ఆ ఒక్క కాగితాన్ని అనుమానించలేదు." ఆయన కళ్ళు తడిసినట్టు అనిపించింది. అప్పటికి నాకు ఆయన మీద కోపం పోలేదు. చౌడమ్మ తీయలేదనే ఒక్క మాట ఆయన నోట వినాలని ఉండేది. ఇప్పుడు ఆయన కుర్చీలో నేను కూర్చుని, అందరూ ఆహా అన్న ఫోటో ముందు అదే ప్రశ్న అడుగుతున్నాను. పిల్లలు నా వెనక గొణుక్కుంటారని తెలుసు. ఆయనంటే నాకు ఎంత ఇష్టమో, ఆయన ఉండగా ఒక్కసారీ చెప్పలేదు.

మాలతి అడిగిన ఫోటో కోసం పాత డిస్కులన్నీ వెతికాను. దొరికింది అదొక్కటే, ఉత్తరానికి ఆధారంగా అసలు మూడింటితో సహా దాచిన ర్యాంపు ఫోటో. మా టీమ్‌లో ఒక కుర్రది చూసి, "ఆ సార్‌ది ఏదైనా చిన్నది ఉంటే ఇవ్వండి మేడమ్, మీ పక్కన నిలబెట్టేస్తాను, అసలు తెలియదు" అంది. బళేపేట ముసలామె గుర్తొచ్చింది. వద్దన్నాను. మా ఇద్దరికీ కలిపి ఉన్న ఒకే ఒక్క ఫోటోలో ఆయన లేరు. ఎందుకో అలవాటుగా కుర్చీ దగ్గరికి లాక్కుని, దాన్ని పెద్దది చేస్తూ పోయాను. నా చీర, నా జాకెట్టు చెయ్యి, నా మోచెయ్యి. అక్కడి నుంచి నాది కాదు. మణికట్టు మీద గడియారం పట్టీ ఉంది, డయల్ లేదు. లోపలివైపుకి తిప్పి ఉంది.

జరిగిందంతా రాసి ఫోటో మాలతికి పంపాను. చాలాసేపటికి ఫోన్ చేసింది. ముక్కు ఎగబీలుస్తోంది. "నాయన చెయ్యే అక్కా ఇది" అంది. తర్వాత గొంతు సర్దుకుని, "ఏమీ అనుకోవద్దక్కా... నేను అడిగినానని మీరు ఇప్పుడు కూర్చోని చేసింది కాదు గదా? ఆ అసలు మూడూ ఉండాయన్నారే, అవి కూడా పంపించండి. చూస్తాను" అంది.

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. మూడూ పంపాను.